మాఘమాసంలోనే గట్ల పని మొదలెట్టమన్న కొరియా రాజు

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మీ పేపర్ మా ఇంటికి చాలా ఏళ్ళుగా వస్తుంది గానీ ఉత్తరం రాయడం మాత్రం ఇదే మొదటిసారి. ఆదివారం పేజీల్లో కొరియా గురించి ఎప్పుడు రాసినా వాళ్ళ పాటలు, సీరియల్సు, మొహానికి రాసుకునే క్రీములు, ఇవే ఉంటున్నాయి. పిల్లలు ఇష్టంగా చదువుతారు, కాదనను. కానీ ఆ దేశంలో 1500 ఏళ్ళ కిందట మురియోంగ్ అని ఒక రాజు ఉండేవాడండి, ఏటిగట్టు పక్కన కాపరం చేసేవాళ్ళకి ఆయన గురించి ఒక్క ముక్క చెప్తే చాలు ఇట్టే అర్థమైపోతాడు, అందుకే ఆ ముక్క మీకు చెప్పాలని కూర్చున్నాను. ఉత్తరం కాస్త పొడుగైనా ఓపిగ్గా చదవండి.

మాది కోనసీమలో గట్టుకి ఆనుకుని ఉన్న ఊరు. రెండున్నర ఎకరాల వరి, గట్టు అవతల లంకలో కొంచెం అరటి. మా అబ్బాయి డేజన్ అనే ఊళ్ళో రీసెర్చి చేస్తున్నాడు, పోయిన అక్టోబర్లో నన్నూ వాళ్ళ నాన్నగారినీ పిలిపించుకుని మూడు వారాలు ఉంచుకున్నాడు. ఆ పక్కనే గోంగ్జు అని పాత ఊరుంది, గుమ్ అనే నది ఒడ్డున, ఒక ఆదివారం అక్కడికి తీసుకెళ్ళాడు. దారి పొడుగునా వరి పండి పసుప్పచ్చగా ఉంది, మా ఆయన కారు ఆపించి మరీ దిగి ఒక వెన్ను చేత్తో పట్టుకుని గింజ నొక్కి చూసి, ఇంకో వారంలో కోసేస్తార్రా అన్నారు. నాకైతే వేరే దేశంలో ఉన్నాననే అనిపించలేదు.

ఆ ఊరి మ్యూజియంలో సగం పైగా ఈ రాజుగారి సమాధిలో దొరికిన సామానే కనిపించింది. సామాను సంగతి తర్వాత చెప్తాను, ముందు మనిషి సంగతి.

అప్పట్లో కొరియా ఒక్క రాజ్యం కాదండి, ఉత్తరాన గోగుర్యో, తూర్పున సిల్లా, పడమటి వైపు బేక్జే, దక్షిణాన గయ అని చిన్న చిన్న సంస్థానాలు. మనవాళ్ళు కొరియా అనగానే అయోధ్య రాజకుమారి అక్కడికి వెళ్ళి రాణి అయిందన్న కథ అడుగుతారు, ఆ కథ గయ వాళ్ళది, ఈయనది బేక్జే. 475లో గోగుర్యో వాళ్ళు పైనించి దండెత్తి వచ్చి బేక్జే రాజధాని హాన్సోంగ్ పట్టుకుని రాజుని చంపేశారు, అది ఇప్పటి సియోల్ దగ్గరే. మిగిలినవాళ్ళు కట్టుబట్టలతో దక్షిణానికి వచ్చి ఈ గుమ్ నది ఒడ్డున కొండ మీద కోట చూసుకుని ఉంగ్జిన్ అని రాజధాని పెట్టుకున్నారు, అదే ఇప్పటి గోంగ్జు. వచ్చాకైనా స్థిమితం ఉందా అంటే లేదు, రాజుల్ని సొంత మనుషులే చంపడం. 501లో దోంగ్‌సోంగ్ అనే రాజుని బేక్ గా అనే పెద్ద మనిషి మనిషిని పెట్టి పొడిపించాడు. అలాంటి టైములో గద్దె ఎక్కాడు మురియోంగ్, అప్పటికే ఆయనకి నలభై ఏళ్ళు. ఎక్కగానే ఆ బేక్ గా తిరగబడితే పట్టుకుని తల తీయించి నదిలో పారేయించాడు. ఇది నాకు చదవడానికి కష్టంగానే అనిపించింది కానీ ఆ రోజులు అలాంటివి.

కొరియా వాళ్ళ పాత చరిత్ర సాంగుక్ సాగి అని ఉంది, 1145లో కిమ్ బుసిక్ అనే ఆయన రాయించింది. అందులో ఈయన గురించి ఎనిమిది అడుగుల మనిషి, కనుబొమ్మలూ కళ్ళూ బొమ్మ గీసినట్టు ఉండేవి, దయగల మనసు, జనం మనసు ఆయన వైపు తిరిగింది అని రాశారు. పుట్టుక సంగతి జపాన్ వాళ్ళ గ్రంథంలో ఉంది, వాళ్ళ అమ్మ ఓడలో వెళ్తుండగా నొప్పులొస్తే క్యూషూ దగ్గర ఒక లంకలో దింపారు, అక్కడే పుట్టాడు, అందుకే ద్వీపం అని అర్థం వచ్చేలా పేరు పెట్టారు అని. కొరియా వాళ్ళు ఆ పేరు సమా అని పలుకుతారు. మా అబ్బాయి ఇది చెప్పగానే వాళ్ళ నాన్నగారు, అయితే మన లంకల వాడేనన్నమాట అన్నారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తానండి. ఆయన రాజైన ఆరో ఏట, 506లో, ముందు రోగాలు వచ్చాయి, తర్వాత మూడో నెల నించి ఐదో నెల దాకా చినుకు పడలేదు, వాగులూ చెరువులూ ఎండిపోయాయి, జనం ఆకలితో మాడుతుంటే రాజు ధాన్యం కొట్లు తెరిపించాడు. సరే, కరువొస్తే కొట్లు తెరిచిన రాజులు మనకీ ఉన్నారు. కానీ 510లో ఇంకో ఆజ్ఞ వేశాడు చూడండి, చరిత్రలో అది ఒకే ఒక్క వాక్యం. గట్లన్నీ పటిష్ఠం చేయండి, రాజధానిలోనూ బయటా పని లేకుండా తిరిగి తింటున్నవాళ్ళని మళ్ళీ సేద్యానికి పంపండి. అంతే. అలా తిరుగుతున్నవాళ్ళు సోమరిపోతులు కాదనీ, ఉత్తరాన ఊళ్ళు పోయి భూమి లేకుండా వచ్చినవాళ్ళే ఎక్కువనీ కొందరు చరిత్రకారులు అంటారు, నాకూ అదే నిజం అనిపిస్తుంది. సేద్యానికి పంపమంటే వాళ్ళకి ముందు నేల కావాలి కదా, పల్లపు నేలకి ముందు గట్టు కావాలి. అందుకే రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి.

నన్ను పట్టుకున్నది ఆ ఆజ్ఞ వేసిన నెల. మొదటి నెల అని రాశారు. వాళ్ళ మొదటి నెల అంటే ఇంచుమించు మన మాఘమాసం అండి, అంతర్వేది తీర్థం జరిగే రోజులు. నది అడుగంటి ఉంటుంది, మట్టి ఆరి ఉంటుంది, కోతలయిపోయి చేతులు ఖాళీగా ఉంటాయి. వరద రావడానికి ఇంకా నాలుగైదు నెలలుంది. గట్టు పని చెయ్యాలంటే అదీ టైము.

మరి మన దగ్గర ఎప్పుడు చేస్తున్నారండి? వేసవిలో కాలువలకి నీళ్ళు ఆపేస్తారు, ఆపేశాక పనులకి కాగితాలు కదులుతాయి, ఎవరో వచ్చి కొలుస్తారు, ఇంకెవరో వచ్చి మళ్ళీ కొలుస్తారు, మిషను వచ్చేసరికి రోహిణి కార్తె. నాలుగు రోజులు మట్టి గీకుతారు, ఈలోగా జూన్ వచ్చేసి నారుమళ్ళకి నీళ్ళు వదలాలి అంటారు, పని అక్కడికి ఆగిపోతుంది. మా ఊరి మురుగు కాలువ మూడేళ్ళుగా ఇదే వరస. గుర్రపు డెక్క ఎంత దట్టంగా పెరిగిపోయిందంటే కొంగలు దాని మీద నడుస్తూ వెళ్తాయి, నీళ్ళు కనపడవు. పోయిన సార్వాలో ఊడ్చిన వారానికి మూడు రోజులు వాన పడితే మురుగు దిగక పదకొండు రోజులు చేలో నీళ్ళు నిలబడిపోయాయి, మొక్క కుళ్ళిపోయి రెండోసారి నారు కొని ఊడ్చాం. మా ఆయన వెళ్ళి అడిగితే ఈ ఏడు అయిపోయింది, వచ్చే ఏడు ముందుగా చేద్దాం అన్నారట. ఎవర్నీ పేరు పెట్టి తిట్టాలని కాదు, కానీ ఆ ముందుగా అన్న మాట నేను పెళ్ళై వచ్చినప్పటి నించీ వింటున్నాను.

గట్టు అంటే ఏంటో నాకు 1986లో తెలిసింది. అప్పటికి నాకు పన్నెండేళ్ళు. ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది, ఇప్పటికీ అదే రికార్డు. మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసేది 17.75 లక్షలకి, అంటే దానికి దాదాపు రెట్టింపు అన్నమాట. మా తాతయ్య రాత్రంతా గట్టు మీదే ఉన్నాడు, నేను టీ కేను పట్టుకుని వెళ్తే నన్ను గట్టు ఊరివైపు వాలు మీదకి తీసుకెళ్ళి లాంతరు కిందకి దించి చూపించాడు. గట్టు కాళ్ళ దగ్గర నించి సన్నగా ఊట వస్తుంది. అందులో వేలు పెట్టి చూడమన్నాడు. ఇదిగో అమ్మలూ, ఊట తేటగా వస్తే భయం లేదు, బురదగా వచ్చిందంటే లోపల మట్టి పోతున్నట్టు, బుంగ పడుతున్నట్టు, అప్పుడు అరవాలి అన్నాడు. ఎలకలు, పీతలు వేసవిలో పెట్టిన బొరియలే వరదలో బుంగలు అవుతాయట, అందుకే తాతయ్య వాళ్ళు ఎండాకాలంలో గట్టంతా తిరిగి బొరియలు వెతికి బంకమట్టి కూరి దిమ్మిసతో కొట్టేవాళ్ళు. ఆ రాత్రి మా దగ్గర గట్టు నిలబడింది, పైనున్న ఊళ్ళో గండి పడింది. తెల్లారేసరికి వెనకవైపు నించి నీళ్ళు వచ్చి మా వీధిలో పడవలు తిరిగాయి, కొబ్బరిచెట్టు మొవ్వులో పాము చుట్టుకుని ఉండడం చూశాను. 2022లో జులైలోనే వరద వచ్చి 25 లక్షలు దాటినప్పుడు ఆ లాంతరే గుర్తొచ్చింది, గట్టు దిగి ఊటలో వేలు పెట్టి చూశాను. తేటగానే ఉంది. బొరియలు వెతికేవాళ్ళు మాత్రం ఇప్పుడు లేరండి, గట్లకి కాపలా ఉండే లస్కర్లే తగ్గిపోయారు.

రాజుగారి సంగతిలో ఇంకొకటి చెప్పకపోతే అబద్ధం ఆడినట్టవుతుంది. గట్లు వేయమన్న పదకొండేళ్ళకి, 521 ఐదో నెలలో పెద్ద వరద వచ్చింది. ఆ తర్వాత మిడతలు వచ్చి మిగిలిన పంట తినేశాయి, తిండి లేక 900 కుటుంబాలు సరిహద్దు దాటి సిల్లాకి వెళ్ళిపోయాయి. అదీ అదే చరిత్రలో రాసుంది. విచిత్రం ఏంటంటే ఆ ఏడే ఆయన చైనాలో లియాంగ్ చక్రవర్తికి రాయబారులతో, గోగుర్యోని చాలాసార్లు ఓడించాం, మా దేశం మళ్ళీ బలమైన దేశం అయింది అని కబురు పంపాడు. అది గొప్పకి అన్నది కాదు, 512లో తనే మూడు వేల గుర్రాలతో వెళ్ళి గోగుర్యో వాళ్ళని కొట్టాడు. చక్రవర్తి కూడా ఒప్పుకుని తూర్పు దేశాన్ని శాంతపరిచే మహా సేనాని అని బిరుదు ఇచ్చాడు. ఒకే ఏడులో ఒక చేత్తో బిరుదు, ఇంకో చేత్తో మూట కట్టుకుని వెళ్ళిపోతున్న 900 ఇళ్ళు. నేను ఈయన్ని దేవుడు అనట్లేదు. ఆజ్ఞ ఒక్కసారి వేస్తే చాలదు, గట్టు ప్రతి ఏడూ చూసుకోవాలి, నదికి మన చరిత్ర పుస్తకాలతో పనిలేదు. అంతెందుకు, అదే గుమ్ నది 2023 జులైలో పొంగి గోంగ్జు కోట కింద ఒడ్డున ఉన్న మంటపం మునిగిపోయింది, మా అబ్బాయి అప్పుడు ఫోటో పంపాడు, పైకప్పు ఒక్కటే కనిపిస్తుంది.

మన దగ్గరా ఊళ్ళు వదిలి వెళ్ళడం కొత్త కాదు కదండి. 2011లో కోనసీమ రైతులు పంట విరామం అని సార్వా వేయకుండా చేలు వదిలేశారు, దేశమంతా చెప్పుకుంది. గిట్టుబాటు లేదన్నది ఒక కారణం, మురుగు దిగట్లేదన్నది ఇంకో కారణం. మా వీధిలో ఏడిళ్ళలో నాలుగిళ్ళ ఆడవాళ్ళు గల్ఫులో వంటపనికి వెళ్ళినవాళ్ళే. తిరిగొచ్చి చెయ్యడానికి చేను ఉంది, నీళ్ళు దిగితే.

ఇక సమాధి గురించి చెప్తాను, ఇది నాకు చాలా ఇష్టమైన భాగం. 1971 జులైలో ఆ ఊరి పక్క కొండ దగ్గర రెండు పాత సమాధుల్లోకి వాన నీళ్ళు చెమ్మ దిగుతున్నాయని వెనకాల ఒక డ్రెయిన్ తవ్వడం మొదలెట్టారు. తవ్వుతుంటే కూలీ పార ఇటికకి తగిలింది. ఆ ఇటికలే ఈ రాజుగారి సమాధి. అవునండి, గట్లు వేయమన్న రాజు మురుగు కాలువ తవ్వుతుంటే దొరికాడు. చుట్టుపక్కల సమాధులన్నీ ఎప్పుడో దోచేశారు, ఇది ఒక్కటే 1400 ఏళ్ళకి పైగా ఎవరి చెయ్యీ పడకుండా ఉంది. అప్పటి రాజుల సమాధుల్లో ఇది ఫలానా వారిది అని పేరు రాసి దొరికింది దాదాపు ఇదొక్కటే.

గుమ్మం దగ్గర మూరెడు పొడుగు రాతి జంతువు నిలబడి ఉంది, మూతి పందిలాగా ఉంటుంది, తల మీద ఇనప కొమ్ము, పెదాలకి ఎర్రరంగు ఇంకా పోలేదు. దాని ముందు రెండు రాతి పలకలు. ఒకదాని మీద బేక్జే సమా రాజు, వయసు 62, 523 ఐదో నెల ఏడో తారీకున పోయాడు, 525 ఎనిమిదో నెలలో ఇక్కడ పెట్టాము అని ఉంది. రెండో పలక ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. ఏంట్రా ఇది అంటే మా అబ్బాయి, దస్తావేజే అమ్మా అన్నాడు. నిజంగానే భూమి కొన్న దస్తావేజు. సమాధికి ఈ నైరుతి వైపు జాగా భూదేవతల దగ్గర పది వేల నాణేలకి కొన్నాం, అందుకు సాక్ష్యంగా ఈ పత్రం అని రాశారు. ఊరికే రాయడం కాదు, పలక మీద ఇనప నాణేలు ఓ తొంభై దాకా పెట్టారు కూడా. దేశం మొత్తం తనదైన రాజు, పడుకునే ఆరడుగుల జాగా కోసం నేల తల్లికి డబ్బులిచ్చి కాగితం రాయించుకున్నాడు! మా ఆయన ఆ మాట విని రెండు చేతులూ జోడించి దండం పెట్టారు, పక్కనున్న కొరియా ముసలాయన మమ్మల్ని చూసి తనూ తల వంచాడు.

అసలు సమాధి లోపలికి 1997 నించి ఎవర్నీ వెళ్ళనివ్వట్లేదు, పక్కన అచ్చం అలాంటిదే కట్టి పెట్టారు. ఇటికల మీద తామరపూలు, గోడల్లో ఐదు దీపం గూళ్ళు. మా అమ్మమ్మ గారి మండువా ఇంట్లో తులసికోట ఎదురుగా ఉండేది అలాంటి గూడే. ఆ గూళ్ళలో దొరికిన ప్రమిదల్లాంటి గిన్నెల్లో కాలిన వత్తి మసి ఇంకా ఉందట. అంటే తలుపు మూసే ముందు ఎవరో వంగి ఐదు దీపాలూ వెలిగించి వెళ్ళారు.

రాణిగారు 526లో పోతే 529లో పక్కనే పెట్టారు. ఆవిడ వెండి గాజుల మీద లోపలివైపు చెక్కిన అక్షరాలున్నాయి. 520 రెండో నెలలో దారి అనేవాడు పెద్ద రాణిగారి కోసం చేశాడు అని. బయటవైపు డ్రాగన్ పాములు చుట్టుకుని ఉంటాయి, లోపల పనివాడి పేరు. నా పెళ్ళి గాజులు చేసిన ఆచారి గారి పేరు ఏ గాజు మీదా లేదండి, ఆ రోజు అక్కడ నిలబడి గుర్తు తెచ్చుకుంటే ఆయన ఇంటి ముందు వేపచెట్టు గుర్తొచ్చింది గానీ పేరు రాలేదు.

ఆవగింజంత గాజు పూసలు కూడా వేలల్లో దొరికాయి, నారింజ రంగు, పసుపు రంగు. గాజుని గొట్టంలా సాగదీసి ముక్కలుగా కోసి చేసే ఆ పద్ధతి మన దక్షిణాన అరికమేడు వైపు పుట్టి ఆగ్నేయాసియా మీదుగా పాకిందని అంటారు. శవపేటికల చెక్క జపాన్ చెట్టుది, సమాధి కట్టిన తీరు చైనాది. ఇంటి దగ్గర గట్టు బాగుంటేనే అంత దూరాలతో బేరం అని నా లెక్క.

పత్రికవారు కాబట్టి మీకు ఒక మాట చెప్పాలి. ఆ సమాధిని జులై 8 సాయంత్రం తెరిచి మర్నాడు పొద్దుటికల్లా ఖాళీ చేసేశారు. జనం ఎగబడ్డారు, ఫోటోల కోసం పేపర్ల వాళ్ళు తోసుకున్నారు, కంగారులో ఏ వస్తువు ఎక్కడుందో సరిగ్గా రాసుకోకుండా పూసల్లాంటివి చేటల్లోకి ఎత్తినట్టు ఎత్తేశారు. తవ్వకానికి పెద్దగా ఉన్న కిమ్ వోన్‌యోంగ్ గారు తర్వాత ఎన్నో ఏళ్ళు ఆ తప్పు నాదే అని బాధపడ్డారు, పైకి చెప్పుకున్నారు కూడా. నెలల తరబడి చేయాల్సిన పని ఒక్క రాత్రిలో. మా గట్టు మీద జూన్లో జరిగే పని చూసినప్పుడల్లా నాకు ఆ రాత్రి గుర్తొస్తుంది. ఆయన ఒప్పుకున్నారు, అది మాత్రం పెద్దతనం.

ఈ ఉత్తరం మీరు వేసుకుంటే ఇప్పుడే వేయండి, వరదలొచ్చాక వద్దు. తీర్థం అయిపోయి వారమైంది, మాఘమాసం ఇంకా ఉంది, గోదారి మా రేవులో మోకాలి లోతే ఉంది. మీ విలేకరి ఎవరైనా ఒక్క రోజు మాతో గట్టు మీద నడవడానికి వస్తే బొరియలు ఎక్కడెక్కడ ఉన్నాయో మా ఆయన చూపిస్తారు, నిన్న సాయంత్రం ఇద్దరం మా రేవు నించి లాకుల దాకా నడిచి పదిహేడు లెక్కపెట్టాం, ప్రతి దాని దగ్గరా ఒక వెదురు పుల్ల గుచ్చి వచ్చాం. మురుగు కాలువ ఫోటోలు రెండు ఇందులో పెడుతున్నాను, రాజుగారి దస్తావేజు ఫోటో ఒకటి.

ఇట్లు
మీ పాఠకురాలు,
ఏటిగట్టు వీధి, కోనసీమ